పసిబిడ్డ పొట్టనొప్పి: మూడున్నర వేల ఏళ్ల సింహావలోకనం

పగలంతా ఆడుకున్న బిడ్డ దీపాలు పెట్టే వేళకు ఏడుపు లంకించుకుంటుంది. ముఖం కందగడ్డలా ఎర్రబడుతుంది. పిడికిళ్లు బిగుస్తాయి, కాళ్లు పొట్టలోకి ముడుచుకుంటాయి, మధ్యమధ్య గాలి పోతుంది. ‘గ్యాస్ పట్టింది’ అంటారు ఇంట్లోవాళ్లు. ఈ ఏడుపుకు మనిషి వెతికిన మందుల చరిత్ర చాలా పాతది. అందులో పెద్ద భాగం బిడ్డ బాధ తీర్చిన కథ కాదు, బిడ్డ నోరు మూయించిన కథ. ఆ సంగతి దాచి జోలపాటల గురించి మాత్రమే చెప్పుకుంటే ఆ పసివాళ్లకు అన్యాయం చేసినట్టే.

క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఈజిప్టులో రాసిన ఎబర్స్ పపైరస్‌లో ఏడుపు మాన్పే మందొకటి ఉంది. గసగసాల కాయలు, గోడ మీది ఈగల రెట్ట కలిపి, వడగట్టి నాలుగు రోజులు పట్టాలి. ఏడుపు వెంటనే ఆగుతుందని రాశారు. ఆగడంలో వింత లేదు. ఆ కాయకు గాటు పెడితే కారే పాలే నల్లమందు.

మన దేశంలో కాశ్యప సంహిత మరో దారి పట్టింది. నేపాల్‌లో దొరికిన తాళపత్ర ప్రతి ఆధారంగా 1938లో అచ్చయిన ఈ పాత కౌమారభృత్య (శిశువైద్య) గ్రంథంలో వేదనాధ్యాయం అని ఒకటుంది. మాటలు రాని బిడ్డకు ఎక్కడ నొప్పో ఎలా కనిపెట్టాలన్నదే దాని విషయం. కడుపునొప్పి ఉన్న బిడ్డ చన్ను వదిలేస్తుంది, వెల్లకిలా వేస్తే ఏడుస్తుంది, పొట్ట బిగుస్తుంది, ముఖాన చెమట పడుతుంది అంటాడు కాశ్యపుడు. మందు కంటే ముందు చూపు ఉండాలన్న ఈ పద్ధతి నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

తెలుగు ఇళ్లలో ఆ చూపు మంత్రసానిది, అమ్మమ్మది. తమలపాకుకు ఆముదం రాసి వెచ్చజేసి పొట్ట మీద వేసేవారు. ఇంగువ నీళ్లలో అరగదీసి బొడ్డు చుట్టూ రాసేవారు. కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టి, వీపంతా నూనెతో నిమిరి గోరువెచ్చని నీళ్లు పోసేవారు. ఆపైన సాంబ్రాణి పొగ, పాత చీర ఉయ్యాల. చేత్తో చేసిన ఆ పనిలో నిజంగా మేలుంది. నిమరడం, వెచ్చదనం, ఊపడం ఏ కాలంలోనైనా బిడ్డను ఊరడించేవే. నోట్లోకి పోసినవాటి సంగతి వేరు. తేనెలో వస అరగదీసి నాకించడం ఇప్పటికీ చూస్తున్నాం. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. పొగ కూడా పసి ఊపిరితిత్తులకు పడదు. వీటిని మానుకోవడం పెద్దలను తప్పుపట్టడం కాదు.

ఇంగ్లండులో పందొమ్మిదో శతాబ్దపు కథ చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. నాటింగ్‌హామ్‌లో లేసు అల్లే ఆడవాళ్లు తెల్లవారినుంచి రాత్రిదాకా పని చేస్తేగాని పొయ్యి వెలిగేది కాదు. ఒడిలో బిడ్డ ఏడిస్తే పని ఆగుతుంది, పని ఆగితే కూలి పోతుంది. అందుకే నల్లమందు, చక్కెరపాకం కలిపిన గాడ్‌ఫ్రేస్ కార్డియల్ సీసా పక్కనే ఉండేది. బిడ్డలు మత్తులో పడి, పాలు తాగక చిక్కిశల్యమయ్యేవారు. కొందరు మళ్లీ లేచేవారు కాదు. అమెరికాలో 1849 నుంచి అమ్మిన మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్‌లో మార్ఫిన్ ఉండేది. 1906లో వచ్చిన చట్టం ఇలాంటి సరుకులు సీసా మీద చెప్పాలన్నాక గాని తల్లులకు తాము ఏం పడుతున్నామో తెలియలేదు. 1911లో అమెరికన్ వైద్య సంఘం ఆ మందును పసివాళ్లను చంపేవాటి జాబితాలో చేర్చింది. మన బొంబాయి మిల్లుల్లోనూ ఇదే జరిగింది. షిఫ్టుకు వెళ్లేముందు తల్లులు బిడ్డలకు నల్లమందు కలిసిన ‘బాలాగోలీ’ పెట్టేవారు. తప్పు ఆ తల్లులదని నేను అనలేను. బిడ్డను ఎత్తుకునే తీరిక వాళ్లకు ఇవ్వని పని గంటలదే ఆ పాపం.

అదే నాటింగ్‌హామ్‌లో 1851లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి గ్రైప్ వాటర్ తయారుచేశాడు. అందులో నల్లమందు లేదు. సోయికూర గింజల నూనె, సోడా బైకార్బొనేట్, చక్కెర, నీళ్లు, వాటితోపాటు 3.6 శాతం ఆల్కహాలు ఉండేవి. బ్రిటన్‌లో ఆ ఆల్కహాలును 1992లో తీసేశారు. మన దగ్గర అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా తరం తర్వాత తరం ఇదే పట్టిందని చెప్పే టీవీ ప్రకటనను తెలుగువాళ్లలో ఎరగనివారు తక్కువ.

1954లో రెండు పరిశోధనలు ఈ చరిత్రను మలుపు తిప్పాయి. రోజుకు 3 గంటలకు పైగా, వారానికి 3 రోజులకు పైగా, 3 వారాలకు పైగా ఏడిస్తే దాన్ని కోలిక్ అనాలని అమెరికాలో మోరిస్ వెసెల్ కొలత పెట్టాడు. ఇంగ్లండులో రొనాల్డ్ ఇల్లింగ్‌వర్త్ ఎక్స్‌రేలు తీసి చూస్తే, ఏడ్చే బిడ్డల పేగుల్లో గాలి ఎక్కువగా ఏమీ కనిపించలేదు. బిడ్డ ఏడుస్తూ గాలి మింగుతుంది, ఆ గాలే తర్వాత బయటికి పోతుంది. అంటే చాలాసార్లు గ్యాస్ వల్ల ఏడుపు కాదు, ఏడుపు వల్లే గ్యాస్. 1962లో అమెరికన్ శిశువైద్యుడు బ్రేజెల్టన్ 80 మంది తల్లుల చేత రోజువారీ లెక్క రాయించాడు. ఏడుపు ఆరో వారం దాకా పెరిగి ఆ తర్వాత తగ్గడం అందులో కనిపించింది. కలహారి ఎడారిలో రోజంతా బిడ్డను ఒంటికి అంటిపెట్టుకునే కుంగ్ తెగ తల్లుల పిల్లల్లోనూ తొలి వారాల్లో ఏడుపు ఇలాగే పెరుగుతుందని రొనాల్డ్ బార్ బృందం 1991లో చూపింది. కాకపోతే వాళ్లు ఏడ్చేది తక్కువసేపు.

బోర్లా వేస్తే పొట్ట తేలికపడుతుందన్నది పాత నమ్మకం. 1950ల చివర్లో అమెరికన్ శిశువైద్యుడు డాక్టర్ స్పాక్ రాసిన శిశుపోషణ పుస్తకం బిడ్డను బోర్లా నిద్రపుచ్చమని కూడా చెప్పింది. బోర్లా నిద్రలో బిడ్డ హఠాత్తుగా చనిపోయే ముప్పు ఎక్కువ. ఆ సలహాను వేళకు మానుకుని ఉంటే బ్రిటన్‌లో 10,000 మందికి పైగా, ఐరోపా, అమెరికా, ఆస్ట్రలేసియాల్లో కనీసం 50,000 మంది శిశువులు బతికేవారని 2005 నాటి సమీక్ష లెక్కగట్టింది. మెలకువగా ఉన్నప్పుడు, మన కళ్లెదుట బోర్లా వేయవచ్చు. నిద్ర మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. ఇక మందుల సంగతి. పొట్టనొప్పికి వేసే డైసైక్లోమిన్ చుక్కలతో శిశువులకు ఊపిరి ఆగిన ఘటనలు 1980లలో బయటపడ్డాయి. ఆరు నెలల లోపు బిడ్డలకు ఆ మందు కూడదు. గ్యాస్‌కు వేసే సిమెథికోన్‌తో హాని లేదు గాని, 1994 నాటి పరీక్షలో అది ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేయలేదు. ల్యాక్టోబాసిల్లస్ రూటెరై అనే మేలుచేసే బాక్టీరియా ఉన్న చుక్కలు తల్లిపాలు తాగే బిడ్డల్లో కొంత ఉపశమనం ఇచ్చినట్టు కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి.

2022లో జపాన్‌లోని రికెన్ సంస్థలో కుమి కురోడా బృందం చెప్పింది ఇంతే: ఏడ్చే బిడ్డను ఎత్తుకుని ఆగకుండా 5 నిమిషాలు నడవండి, నిద్రపోయాక 5 నుంచి 8 నిమిషాలు కూర్చుని ఒడిలోనే ఉంచుకుని, అప్పుడు పక్క మీద వేయండి. పాలు తాగించాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు తట్టడం, మోకాళ్లు మెల్లగా పొట్టకు ఆనించడం కూడా ఈ కోవలోవే. జ్వరమున్నా, పచ్చగా కక్కినా, విరేచనంలో రక్తం కనిపించినా, పాలు మానేసినా, బరువు పెరగకపోయినా ఆ రాత్రే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇవేవీ లేకపోతే మూడు, నాలుగు నెలల వయసుకు ఏడుపు దానంతటదే తగ్గుతుంది. అప్పటిదాకా బాలింత ఒక్కతే మేలుకోకుండా తండ్రి సగం రాత్రి వంతు వేసుకోవాలి. ఓపిక నశించి చేతులు వణుకుతున్నప్పుడు బిడ్డను వెల్లకిలా పక్క మీద పడుకోబెట్టి కాసేపు అవతలి గదిలోకి వెళ్లినా ఫరవాలేదు. కోపంలో బిడ్డను కుదిపితే మాత్రం మెదడులో రక్తస్రావం కావచ్చు.