చీరాల పేరాలలు: రెండు వలసలు

ఈ వార్షిక మహాసభ సంచికకు మన కులచరిత్రమును గూర్చి ఏదేని వ్రాసి పంపుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. కులచరిత్ర యనగానే పురాణములు తెఱచి ఋషిమూలమును వెదకుట మనవారికి పరిపాటి. అట్టి వ్యాసములు ఈ సంచికలలో లోగడ పెక్కు వచ్చినవి. మేమును రెండు వ్రాసియున్నాము. ఈసారి అంత దూరము పోక, నూఱేండ్లకు కొంచెము మీఱిన సంగతిని, అందును మా నాయనమ్మ కన్నులార చూచిన సంగతిని వ్రాయ దలచితిమి. దీనికి నిమిత్తమొకటి గలదు. నలువది యేండ్లకు పైగా మేము విడిచియున్న చీరాలకు, అచ్చటి మా పెద్దల యిల్లు అమ్ముటకై, నిరుడు పోయి నాలుగు దినములు ఉండవలసి వచ్చెను.

మా బాల్యమునాటి చీరాల యనగా మొదట తోచునది ఇసుక. ఊరు సముద్రమునకు కొన్ని మైళ్ల లోపలనున్నను వీథులలో తెల్లని యిసుక పాదములు మునుగునంత యుండెడిది. వేకువజామున ఆ వీథుల పొడవునను కఱ్ఱలు పాతి పడుగులు చాపెడివారు. చాపిన పడుగునకు గంజి పట్టించి, ఇద్దఱు ఇరుప్రక్కల నిలిచి కుంచెతో దువ్వుచు ముందునకును వెనుకకును నడచుచుందురు. ఎండ ముదురక మునుపే ఆ పని ముగియవలెను. బడికి పోవు పిల్లలము ఆ దారముల క్రిందుగా వంగి, ఒక్క పోగైన తగులకుండ దూరిపోయెడివారము. పోగు తెగినచో అతుకువాడు తిట్టును. తిట్టినవాడు మేనమామయో పెదతండ్రియో అగుటచే ఆ తిట్టు మాకంటె ముందే ఇల్లు చేరును.

ప్రొద్దెక్కినది మొదలు ప్రతి యింటినుండియు మగ్గపు చప్పుడు వినవచ్చుచుండెను. చప్పుడాగిన యింట జ్వరమో, చావో, నూలు లేకపోవుటయో జరిగినదని వీథివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. మా తండ్రిగారు మగ్గపు గుంటలో కాళ్లుంచి కూర్చుండి నేయుచుండ, మేము ఆ గుంట గట్టున కూర్చుండి కండెలు చుట్టుచు శబ్దమంజరి వల్లించితిమి. శబ్దములలో తప్పు వచ్చినను వారికి తెలియదు. కండె వదులైనచో మాత్రము తెలియును.

ఊరిపేరును గూర్చి పెద్దలు పలువిధముల చెప్పెడివారు. తెల్లని యిసుకను బట్టి క్షీరపురి యనువారు కొందఱు. చీరలు నేయు ఊరు గావున చీరాల యనువారు మఱికొందఱు. సంస్కృతమున చీరమనగా వస్త్రఖండమే గదాయని మేమును చిన్ననాడు ఈ రెండవ పక్షమునే పట్టి వాదించితిమి. నేతవాని కది యిష్టము, ఇష్టమునకు ప్రమాణ మక్కఱలేదు. ఊరిపేరు మాఱలేదు గాని జిల్లాపేరు మాత్రము మాఱుచునే యున్నది. మేము పుట్టినపుడు చీరాల గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడగా అందు చేరెను. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరిడిరి. 2022లో బాపట్ల జిల్లా పుట్టగా ఇందులోనికి వచ్చెను. గుంటూరు జిల్లాలో పుట్టి, ప్రకాశము జిల్లాలో పెరిగి, బాపట్ల జిల్లాలో ఇల్లమ్మితిమి. ఊరు మాత్రము అడుగైన కదలలేదు.

అడుగైన కదలలేదంటిమి గాని, ఒకమాఱు ఊరంతయు కదలినది. చెప్పవలసినది ఆ సంగతియే. అంతకుముందు మావారి వృత్తిని గూర్చి రెండు మాటలు.

మా తాతగారి కాలమున మా వీథిలో విశేషముగా నేసినవి తేలియా రుమాళ్లు. నూలును నూనెతోను, ఆముదపుకాయల బూడిద కలిపిన నీటితోను తడిపి, పిసికి, ఎండబెట్టి, మరల తడిపి, ఇట్లు పక్షము దినములకు పైగా శ్రమపడినగాని ఆ నూలు ఎఱుపును చక్కగ పట్టదు. నేయక మునుపే రంగు తగులరాని చోట్ల పోగులను బిగించి కట్టి అద్దుట ఇందలి విద్య. ఎఱుపు, నలుపు, తెలుపు, ఈ మూడే వన్నెలు. పూర్వము చిరివేరుతో ఎఱుపును దీసెడివారు. పిమ్మట సీమరంగు వచ్చినది. ఈ రుమాళ్లు ఓడలమీద అరబ్బుదేశములకు పోయి అచ్చటివారికి ఎండకును దుమ్మునకును తలగుడ్డ లయ్యెను. చదువెఱుగని మా తాతగారికి ఏడెన్ రేవుపేరు తెలియును. గుంటూరు కలెక్టరు పేరు తెలియదు. ఆ విద్య క్రమముగా మా తీరమున సన్నగిల్లి నల్లగొండ సీమలోని పుట్టపాకలో నిలిచినది. 2020లో భౌగోళిక గుర్తింపు పొందినదియు పుట్టపాక తేలియా రుమాలే. ఆ వార్త చదివినపుడు మాకు సంతోషమును, కొంచెము అసూయయు కలిగెను.

ఇక 1919వ సంవత్సరము. చీరాల, పేరాల యను జంట గ్రామములను కలిపి మద్రాసు ప్రభుత్వము పురపాలకసంఘముగా నేర్పఱచెను. అంతకుముందు యూనియను పన్ను ఏటికి సుమారు 4,000 రూపాయలు. కొత్త యేర్పాటుతో అది 30,000కు పైబడెను. జనులు సుమారు 15,000 మంది; వారిలో అధికులు నేతగాండ్రును కర్షకులును. ఊరు పెరిగినకొలది నీరు, దీపము, పారిశుద్ధ్యము కావలసియుండునను మాట కాదనరానిది. మేమును పట్టణములలో కాపురముండి ఆ సౌఖ్యము లనుభవించినవారమే. కాని ఏడెనిమిది రెట్ల భారమును కూలిమగ్గమువాని నెత్తిన ఒక్కసారిగా పెట్టినచో వాడు దేని నమ్మి కట్టవలెను? ప్రజలు అర్జీలు పెట్టుకొనిరి. పురపాలక సభ్యులు రాజీనామా లిచ్చిరి. పన్ను చెల్లింపనివారిలో కొందఱు చెఱసాలకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు ఉండెను. స్థానిక స్వపరిపాలనశాఖ అప్పుడు పానుగల్లు రాజావారి చేతిలో నుండెను. ప్రభుత్వము పట్టు విడువలేదు.

ఈ పోరాటమునకు నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. 1889లో పెనుగంచిప్రోలున పుట్టి, ఎడింబరోలో చదివి వచ్చి, ఉపాధ్యాయవృత్తిని విడిచి దేశసేవకు దిగినవారు. రామదండను పేర సేవకులను చేర్చి, కాషాయవస్త్రములు, రుద్రాక్షలు ధరింపజేసి నడపిరి. 1921లో బెజవాడ కాంగ్రెసు సభలు ముగిసిన పిమ్మట ఏప్రిలు 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చిరి. పన్ను నిరాకరించి శాంతముతో శిక్ష లనుభవించుట యొకదారి, ఊరినే విడిచిపోవుట మఱియొకదారి యని వారు చెప్పి, కాంగ్రెసు భారము వహింపజాలదని కూడ స్పష్టపఱచిరి. మావారు రెండవదారి పట్టిరి. ఆ వేసవిలో 13,000 మందికి పైగా జనము పురపాలకపు టెల్లలు దాటి వెలుపల పాకలు వేసికొని దానికి రామనగరని పేరిడుకొనిరి. అచ్చట పదునొకండు నెలలు ఉండిరి.

ఇంతవరకు పుస్తకములలోనిది. ఇకమీదిది మా నాయనమ్మ చెప్పినది. ఆమెకప్పుడు పదేండ్లు.

అన్నిటికంటె మగ్గమును తరలించుటయే కష్టమైనదట. కఱ్ఱలను, అచ్చులను బండిమీద వేయవచ్చును. గుంటను ఎట్లు వేయుదురు? ఇంటిలోని గుంట తరతరములుగా మట్టిమెత్తి గట్టిపఱచినది. రామనగరున ఎంత త్రవ్వినను ఇసుక జాఱి పూడిపోయెడిది. తాటిదుంగలు అడ్డుపెట్టి, చెఱువుమట్టి మోసి తెచ్చి మెత్తి, నెలదినములకు ఒక మగ్గమును నిలిపిరట. వానకాలమున ఆ గుంటలో నీరూరెను. పాకలలో పిల్లలకు జ్వరములు వచ్చెను. నాయనమ్మ తమ్ముడొకడు అక్కడనే పోయెను. ఈ మాట ఆమె ఎన్నడును రెండు ముక్కలకు మించి చెప్పలేదు, మేమును అడుగలేదు.

మఱియొక ముచ్చటను మాత్రము తఱచుగ చెప్పెడిది. ఆమె యవ్వ ప్రతి శుక్రవారము వేకువను రామనగరునుండి ఊరిలోనికి నడచివచ్చి, తాళమువేసిన ఇంటి వాకిట నీళ్లుచల్లి ముగ్గువేసి, గడప లోపల అడుగిడకుండ తిరిగిపోయెడిదట. ఊరిలో కాలుపెట్టరాదు గదాయని ఎవరో ఆక్షేపింపగా, "పన్ను ఇంటికేసినారు గాని ముగ్గుకెయ్యలేదు గదయ్యా" అన్నదట. నాయనమ్మ ఈ మాట చెప్పి నవ్వెడిది.

బాల్యమున మేమిది కొంత కల్పనయేమో యనుకొంటిమి. మా ఊరికి ప్రక్కన వేటపాలెమున సారస్వత నికేతనమను గ్రంథాలయము గలదు. 1918లో స్థాపించిరి, 1929లో గాంధీగారు దాని భవనమునకు శంకుస్థాపన చేసిరి, వారి విఱిగిన చేతికఱ్ఱను అచ్చట నేటికిని భద్రపఱచియున్నారు. పాత పత్రికల సంపుటములకు అది నిధి. పదునాఱవయేట సైకిలుమీద పోయి ఆ సంపుటములు తిరుగవేసితిమి. నాయనమ్మ తమ్ముని పేరు అందెట్లుండును? కాని ఊరు విడుచుటయు, పాకలును, గోపాలకృష్ణయ్యగారిని బరంపురమున పట్టుకొని ఏడాది శిక్ష వేయుటయు అన్నియు ఉండెను. ఇంటికి వచ్చి, "నీవు చెప్పినది నిజమే నాయనమ్మా" అంటిమి. ఆమె మా ముఖము చూచి, "కాగితం చెబితేగాని నిజం కాదట్రా?" అనెను. చరిత్రను గూర్చి మేము పిమ్మట ఎన్ని గ్రంథములు చదివినను ఆ ప్రశ్నకు బదులు దొరకలేదు.

నాయకుడు చెఱలో నుండగా, ద్రవ్యము లేక, 1922లో జనము తిరిగి ఇండ్లకు వచ్చిరి. పురపాలకసంఘము నిలిచెను. ఓడిపోయిరని కొందఱు వ్రాసిరి. మా అభిప్రాయము వేఱు. పోయినవారందఱు కలిసి పోయిరి, వచ్చినవారందఱు కలిసి వచ్చిరి. ఏ గోడ కెవరు పొరుగో తిరిగివచ్చిన నాడును వారే పొరుగు. మరల పడుగులు అదే వీథిలో చాపిరి. గోపాలకృష్ణయ్యగారు 1928లో నలువదియేండ్లైన నిండకుండ గతించిరి.

రెండవ వలసకు నాయకుడు లేడు, పేరును లేదు. అది మాది.

మేము సంస్కృతము చదువుటకు ప్రాచ్య కళాశాలకు పోయినపుడు, బృహదారణ్యకమున గార్గి యాజ్ఞవల్క్యుని అడిగిన ప్రశ్న పాఠమునకు వచ్చెను: ఈ జగత్తు దేనియందు ఓతప్రోతమై యున్నది? ఓతమనగా పడుగు, ప్రోతమనగా పేక యని గురువుగారు చెప్పి, చేతులతో చూపబోయి తికమకపడిరి. తరగతిలో పడుగును పేకను ఎఱిగినవారము మేమొక్కరమే. లేచి చూపితిమి. గురువుగారు సంతసించిరి. ఆనాటి సాయంకాలమే, ఇక మగ్గమునకు పోమని మా మనసులో తీర్మానము జరిగిపోయినది. ఏల యని అడిగినచో నేటికిని చెప్పలేము.

1977 నవంబరు 19న వచ్చిన తుపాను దివిసీమను ముంచినది లోకమెఱిగినదే. మా తీరమునను ఆ గాలి వానలకు పూరికప్పులు లేచిపోయెను. మా యింటి గుంట నిండ నీరు. తండ్రిగారు మూడు దినములు ముంతతో తోడిరి. మరల నేసిరి గాని పెద్దన్నగారు ఆ యేడే గుంటూరు మిరపకాయల కొట్టులో గుమాస్తాగ చేరి, జీవితమంతయు దగ్గుచు పద్దులు వ్రాసిరి. చిన్నన్నగారు మంగళగిరికి పోయిరి. మాకు తెలుగు పండితోద్యోగము దొరకి పర్చూరు, చిలకలూరిపేట ప్రాంతముల నల్లరేగడి ఊళ్లలో ముప్పదియేండ్లు గడచెను. అచ్చట కనుచూపు మేర ప్రత్తి, కళ్లములలో ఎఱ్ఱని మిరపకాయలు. ప్రత్తి పండు సీమకును ప్రత్తిని గుడ్డచేయు మా ఊరికిని ఒక్కపూట ప్రయాణము. అయినను ఆ ప్రత్తి మిల్లులకు పోయి, నూలై, పలుచేతులు మాఱి, ధరపెరిగి మావారికి చేరును. మా శిష్యులకు ఈ సంగతి లెక్కలలో చెప్పెడివారము. 1991లో నూలుధర మండి చీరాల ప్రాంతమున నేతగాండ్ర ఆకలిచావులు పత్రికల కెక్కినపుడు ఆ లెక్క చెప్పుటకు నోరాడలేదు. ఆ వరుసలో మా వీథివారి పేరొకటి చూచితిమి. పడుగుక్రింద దూరినందుకు మమ్ము తిట్టినవారిలో ఆయన యొకడు.

నిరుడు చూచినపుడు మా వీథిలో సిమెంటు పఱచియున్నది, ఇసుక లేదు. ఒక్క మగ్గపు చప్పుడు దూరమున వినబడెను, ఏ యింటినుండియో పోల్చుకొనలేకపోతిమి. పొరుగు గోడలవారు కొత్తవారు. మర్యాదతో కుర్చీవేసి, "ఎవరింటికి వచ్చారండీ?" అని అడిగిరి. మా యింటిలోని గుంట నెవరో అద్దెకున్నవారు ఇటుకముక్కలతో పూడ్చి బండ పఱచిరి. ఆ బండ మాత్రము తక్కినవానికంటె కొంచెము దిగియుండెను.

ఇల్లు అమ్మవలెనన్న పురపాలకసంఘమునకు పన్ను బాకీ లేదని చూపవలెను. కార్యాలయమునకు పోయి వరుసలో నిలిచితిమి. పుస్తకమున ఆ యిల్లు నేటికిని మా తాతగారి పేరనే యున్నది. పేరు మార్పించుకొను తీరిక మాలో ఎవరికిని లేకపోయెను. బాకీ, దానిమీది వడ్డీ లెక్కకట్టి గుమాస్తా చెప్పెను. చెల్లించితిమి. "ఈయన మీకేమవుతారండీ?" అని ఆ కుఱ్ఱవాడు అడిగెను. తాతగారని చెప్పి, ఈ పన్నునకై ఆయన పదునొకండు నెలలు ఊరు విడిచియుండెనని చెప్పబోతిమి. వరుసలో మా వెనుక నలుగురు నిలుచుండిరి. రసీదు మడిచి జేబులో పెట్టుకొని వచ్చితిమి.