కాలువలు కట్టేసిన రోజుల్లో

ఆ మంటలో ఇంకో రెండు కొబ్బరి మట్టలు పడెయ్యరా. ఏవిటీ, పడవ కొన్నావంట? ఫైబరుదా! సెలవులకి సరదాగా తిరుగుతావన్నమాట. బాగుంది. మా రోజుల్లో పడవంటే ధాన్యానికీ, కొబ్బరికాయలకీ, పెళ్ళివారికీ. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది కదా, ఆ కాలువలు పొలాలతోపాటు పడవలకీ దారయ్యాయి. గాలుంటే తెరచాప, లేకపోతే గెడ. అదీ లొంగకపోతే మనుషులు మోకు భుజాన వేసుకుని గట్టు వెంట లాక్కెళ్ళేవారు.

అసలు పనంతా వేసవిలో, కాలువలు కట్టేశాక. మా పెదనాన్న తన చిన్న పడవని గట్టెక్కించి బోర్లించేవాడు. నాచు గీకి, ఆరనిచ్చి, కొయ్య సుత్తితో చెక్కచెక్కా తట్టుకుంటూ పోయేవాడు. గట్టి చెక్క టంగుమంటుంది. డబ్‌మన్నచోట మేకు మొన గుచ్చి చూసేవాడు. మెత్తగా దిగిందా, ఆ చెక్క మార్చాల్సిందే. సందుల్లో పాత పీచు లాగేసి, నూనెలో తడిపిన దూది పురిపెట్టి ఉలితో కుక్కి, పైన గుగ్గిలం కాచి పూసేవాడు. ఆ వాసనకి పెద్దమ్మ తిట్టని తిట్టు లేదు.

ఎండిన పడవ నీళ్ళలో దింపగానే కారుతుంది. తెలియనివాడైతే కంగారుపడి సందుల్లో ఇంకా కుక్కేస్తాడు. తరవాత చెక్క నాని ఉబ్బితే చోటు చాలక అతుకులే విచ్చుకుంటాయి. పెదనాన్న మాత్రం రేవులో కట్టేసి, లోపల కూడా నీళ్ళు పోసి, ఇంటికొచ్చి పడుకునేవాడు. రెండ్రోజులకి చెక్క నాని సందులు వాటంతటవే మూసుకునేవి. అప్పుడు నీళ్ళు తోడి, మళ్ళీ ఊరుతున్నాయా లేదా అని పొద్దంతా చూసి, అప్పుడు చుక్కాని బిగించేవాడు.

నీ ఫైబరుకి ఈ నానబెట్టుడు లేదులే. కానీ వెనకాల అడుగున బిరడా ఉంటుంది, చూశావా? ఒడ్డున వాననీరు పోవడానికని తీసి, దింపేటప్పుడు పెట్టడం మరిచిపోయేవాళ్ళున్నారు. మోటారు వేశాక పక్కనించి సన్నటి నీటి ధార చిమ్మాలి. చిమ్మకపోతే చల్లబరిచే దారి పూడిపోయినట్టే, వెంటనే ఆపెయ్. అంతర్వేది వైపు ఉప్పునీళ్ళలో తిరిగొస్తే మోటారుని మంచినీళ్ళతో కడుగు. పెట్రోలంటావా, ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, ఇంకో వంతు ముట్టుకోకుండా ఉంచు. అక్కడ రేవులో కట్టేటప్పుడు మోకు బిగించెయ్యకు. పాటుకి నీరు తీసేస్తే పడవ గుంజకి వేలాడుతుంది.

ఎక్కించేటప్పుడు పెదనాన్న తలలు లెక్కపెట్టేవాడు కాదు, పడవ అంచు చూసేవాడు. నీటి పైన జానెడు చెక్క కనపడాలి. అంతకి తగ్గితే అల్లుడైనా సరే దిగిపోవాల్సిందే. మీవాళ్ళేమో ఫొటోలకని అందరూ ఒక పక్కకే పోతారు! లైఫ్ జాకెట్టు సీటు కింద కాదురా, ఒంటి మీద ఉండాలి. పిల్లలకి పిల్లల కొలతదే.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండలు చూడబోయిన లాంచీ మునిగింది. గోదారి వరద మీదుంది. కాకినాడ ధర్మాడి సత్యం జట్టు ఇనప మోకులూ లంగర్లూ వేసి దాన్ని పైకి తీసేసరికి అక్టోబరు 22. ఎంతమంది పోయారో తలుచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది.

ఎర్రనీరు తగిలిందంటే పెదనాన్న పడవ విప్పేవాడు కాదు. ఒక శ్రావణంలో పెళ్ళివారు మేళంతో సహా రేవులోకొచ్చారు. పెళ్ళికొడుకు తండ్రి రెట్టింపు కిరాయిస్తానన్నాడు, బతిమాలాడు, ఆఖరికి తిట్టాడు కూడా. ఈయన పలక్కుండా తెడ్లు తీసుకెళ్ళి ఇంట్లో పెట్టేశాడు. అందరికీ మా అరుగు మీదే భోజనాలు. వరద తీశాక దాటించి, మామూలు కిరాయే తీసుకున్నాడు. ముహూర్తం మళ్ళీ పెట్టించుకున్నారు. ఆ పెళ్ళికి మా ఇంటిల్లిపాదినీ పిలిచారు కూడా.