యుటోపియా సంఘముఖ్యుని అధికారములు, విధులు

థామస్ మోర్ లాటిను భాషలో రచించి 1516లో లూవేన్ నగరమున ప్రకటించిన యుటోపియా మన కళాశాలలలో తఱచుగా పేర్కొనబడు గ్రంథమే గాని తఱచుగా చదువబడు గ్రంథము కాదు. ఆ ద్వీపమున సొంత యాస్తి లేదనియు, అచ్చట బంగారముతో దాసులకు సంకెళ్లు చేయుదురనియు, దినమునకు ఆఱు గంటలు మాత్రమే పనిచేయుదురనియు ఎల్లరు నెఱుగుదురు. కాని ఆ రాజ్యమునకు అధిపతి యెవడు, అతడేమి చేయగలడు, ఏమి చేయరాదు అని యడిగినచో సమాధానము సులభముగా దొరకదు. ఒక పర్యాయము ఒక విద్యార్థి తన వ్యాసమునందు ‘యుటోపియా రాకుమారుడు’ అని వ్రాసి మాకు చూపెను. అతడు చదివినది ఇంగ్లీషు అనువాదము. 1551లో రాల్ఫ్ రాబిన్సన్ మొదలుకొని ఇంగ్లీషు అనువాదకులు పలువురు ఆ యధిపతిని ‘ప్రిన్స్’ అనియే వ్యవహరించిరి. నిఘంటువును నమ్మిన విద్యార్థి దానిని రాకుమారునిగా తెనిగించెను. దిద్దబోయి, దానికి బదులు వ్రాయదగిన మాట తోపక, మేమును కొంతసేపు కలము పట్టుకొని యూరకుంటిమి. ఈ వ్యాసమునకు అదియే కారణము.

మోర్ వాడిన లాటిను పదము ‘ప్రిన్సెప్స్’. మొదటివాడు, అగ్రగణ్యుడు అని దాని యర్థము. రోము నగరమున అగస్టస్ రాజనిపించుకొనుటకు వెఱచి, ఈ పేరు చాటున ఏకాధిపత్యము నడపెను. కావున ఆ పదమునందు వినయమును కలదు, వినయము మాటున దాగిన యధికారమును కలదు. తెలుగున ‘రాజు’ అన్నచో కిరీటమును వంశక్రమమును స్ఫురించును. ఈ రెండును యుటోపియాలో లేవు. ‘రాష్ట్రపతి’ అన్నచో 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము మనస్సునకు వచ్చును. కౌటిల్యుడు అర్థశాస్త్రము పదునొకండవ అధికరణమున గణరాజ్యముల నాయకులను ‘సంఘముఖ్యులు’ అనెను. అచ్చటనే లిచ్ఛవులు, వృజులు, మల్లులు మొదలగువారిని ‘రాజశబ్దోపజీవులు’ అనియు పేర్కొనెను. రాజను పేరు ధరించినంత మాత్రమున రాచఱికము సిద్ధింపదని మన పూర్వులకు తెలియును. అయినను నేటి పాఠకునకు ఆ సూక్ష్మము వెంటనే తోపదు గావున ‘సంఘముఖ్యుడు’ అను మాటనే మేము గ్రహించితిమి. ఈ మాట తెచ్చుకొనుటచే కౌటిల్యుని యధికరణమంతయు వెంట వచ్చునని మేము మొదట ననుకొనలేదు.

ఇక విషయము. ఆ ద్వీపమున ఏబదినాలుగు నగరములు కలవు. సంఘముఖ్యుడు నగరమున కొకడు గాని, ద్వీపమంతటికి ఒకడు లేడు. ఈ సంగతి చాలమంది వ్యాఖ్యలలో మఱుగుపడినది. ప్రతి నగరమునుండి అనుభవశాలురగు ముగ్గురు వృద్ధులు ఏటేట ఆమరోట్ నగరమున సమావేశమై ఉమ్మడి వ్యవహారములు చర్చింతురు. ఒక చోట మిగిలిన ధాన్యాదులను కొఱతపడిన చోటికి పంపుటయు ఆ సభ పనియే. సభ కలదు, శిరస్సు లేదు. ఈ ద్వీపము ఒక విజేత చేతిలో పుట్టినదని తలచుకొన్నచో ఇది మఱింత వింతగా కనిపించును. యుటోపస్ అను రాజు అబ్రాక్సా యను దేశమును జయించి, పదునైదు మైళ్ల భూమిని త్రవ్వించి, దానిని ద్వీపముగా జేసెను. రాజ్యమును నిర్మించినవాడు రాజు. నిర్మింపబడిన రాజ్యమున రాజు లేడు. యుటోపస్ వంశమేమయ్యెనో గ్రంథకర్త చెప్పడు, పాఠకునకు అడుగవలెనని కూడ తోచనీయడు.

సంఘముఖ్యుని యెన్నిక విధానము ఇట్టిది. ముప్పది కుటుంబములకు ఒక సిఫోగ్రాంటు ఏటేట ఎన్నుకొనబడును. పదిమంది సిఫోగ్రాంట్లపై ఒక ట్రానిబోరు ఉండును. నగరమునందలి నాలుగు భాగముల ప్రజలు ఒక్కొక్కని చొప్పున నలుగురిని సూచింతురు. రెండువందల మంది సిఫోగ్రాంట్లు అందఱిలో ఉపయోగకరుడగు వానినే ఎన్నుకొందుమని ప్రమాణము చేసి, ఆ నలుగురిలో ఒకనిని రహస్యమతముతో ఎన్నుకొందురు. అతడు విద్వాంసుల వర్గమునుండి వచ్చినవాడై యుండవలెను. పదవి కావలెనని ప్రయత్నించినవానికి ఏ పదవియు దక్కదు అనునది అచ్చటి సామాన్య నియమము. పదవి లభించిన పిదప వేషమున మార్పు లేదు. కిరీటము లేదు, ప్రత్యేక వస్త్రము లేదు. ఒక చిన్న ధాన్యపు కంకుల కట్ట మాత్రమే అతని గుర్తు, ప్రధానార్చకునకు మైనపు వత్తి గుర్తయినట్లు. రాజదండమునకు బదులు వరివెన్ను పట్టిన పెద్దను ఊహించుకొన్నచో మన పల్లెలవారికి ఈ చిత్రము సులభముగానే బోధపడును.

అతని పేరునందును ఒక చమత్కారము కలదు. ప్రాచీన కాలమున ఆ పదవికి బార్జానెస్ అనియు, తరువాత ఆడెమస్ అనియు పేరు. గ్రీకు భాషలో ‘డెమోస్’ అనగా ప్రజ. ఆడెమస్ అనగా ప్రజ లేనివాడు. నీరు లేనిది యను నర్థముగల అనైడర్ నది యొడ్డున నగరమును నిలిపిన గ్రంథకర్తకు ఇట్టి పేర్లు వేడుక. ఇది వట్టి హాస్యమని కొందఱందురు. పదవిపై అనుమానము కూడ ఈ హాస్యమున నున్నదని మా తలంపు. ప్రజలెన్నుకొన్నవానికే ప్రజ లేనివాడని పేరు పెట్టుట ఊరక జరిగినదని చెప్పజాలము.

అధికారములు మిక్కిలి కొలది. ఇతర నగరమునకు పోవువారికి ముందుగా సిఫోగ్రాంట్లును ట్రానిబోర్లును అనుమతి నియ్యవలెను. పిమ్మట తిరిగి రావలసిన దినమును నిర్ణయించుచు సంఘముఖ్యుని లేఖ వెంట నుండవలెను. నేరస్థులను శిక్షించుట అతనికిని ఇతరాధికారులకును చెందిన పని. అర్చకులు మందలింతురే గాని శిక్షింపరు. పశ్చాత్తాపము పొందిన దాసునకు అతని దయవలన గాని ప్రజల మతమువలన గాని విముక్తి కలుగవచ్చును. యుద్ధమును గూర్చిన ప్రకరణము దీర్ఘమైనదే. కాని అందెచ్చటను సంఘముఖ్యుడు సేనాపతిగా కానరాడు. లేఖలు, శిక్షలు, క్షమ, సభాధ్యక్షత — ఇంతటితో ముగిసినది.

అయినను ఈ కొలది యధికారము చుట్టును మోర్ కట్టిన కంచె చాల యెత్తైనది. ట్రానిబోర్లు మూడవ దినమున కొకసారి సంఘముఖ్యునితో సమావేశమగుదురు. ఇది రోమనుల లెక్క. మన లెక్కలో దినము విడిచి దినము. ప్రతి సమావేశమునకు ఇద్దఱు సిఫోగ్రాంట్లను పిలుతురు. ఏనాటికానాడు క్రొత్తవారిని పిలువవలెనే గాని, నిన్నటివారిని నేడు పిలువరు. రాజ్యవిషయము ఏదైనను మూడు వేఱువేఱు దినములలో చర్చింపబడినగాని నిర్ణయము కాదు. ప్రతిపాదింపబడిన దినముననే దానిని గూర్చి మాటాడరాదు. తొందరపడి యొక మాట యన్నవాడు తరువాత రాజ్యక్షేమము కంటె తన మాటను నిలుపుకొనుటకే పెనగులాడునని మోర్ కారణము చెప్పెను. ఇది చదివినపుడు పండితసభలు చూచినవారికి చిఱునవ్వు రాక మానదు. గొప్ప విషయములు సిఫోగ్రాంట్ల సభకు పోవును. వారు తమ తమ కుటుంబములతో ఆలోచించి వచ్చి అభిప్రాయమును సభకు తెలుపుదురు. అన్నిటికంటె కఠినమైనది మఱియొకటి. ఈ సభలకు వెలుపల రాజ్యవిషయములను గూర్చి మంతనము చేసినచో మరణదండనము. సంఘముఖ్యుడును ట్రానిబోర్లును కుట్రపన్ని ప్రజలను అణచి రాజ్యవ్యవస్థను మార్పకుండుటకు ఈ నియమమని గ్రంథమునందే స్పష్టముగా చెప్పబడినది.

దీనినిబట్టి ఒక సంగతి గమనింపవలెను. మోర్ సంఘముఖ్యునకు ‘నీవిది చేయరాదు’ అని పట్టిక వ్రాయలేదు. అతడు ఎచ్చట మాటాడవలెనో, ఎన్నాళ్లు మాటాడవలెనో, ఎవరి యెదుట మాటాడవలెనో నిర్ణయించెను. పరిమితి పెట్టినది అధికారమునకు కాదు, రహస్యమునకు. మొదటి భాగమునందలి కల్పిత దేశములు వేఱు మార్గము తొక్కినవి. మకారియన్ల రాజు పట్టాభిషేక దినముననే, తన కోశమున వేయి పౌనుల బంగారమును మించి యుంచనని ప్రమాణము చేయును. అకోరియన్లు, తమ రాజు రెండవ రాజ్యమును సంపాదింపగా దాని భారము తాళలేక, రెండింటిలో ఒకటి యేఱుకొమ్మని అతనికి చెప్పిరి. ఆ హద్దులు లెక్కకు అందునవి. యుటోపియాలో అట్టి లెక్కలు లేవు. తెఱచిన తలుపు మాత్రమే కలదు.

పదవీకాలమును గూర్చి మాకు మోర్‌తో పేచీ కలదు. ఇతరాధికారులు ఏటేట ఎన్నుకొనబడుదురు. సంఘముఖ్యుడు మాత్రము జీవితాంతము ఉండును, నిరంకుశత్వమును కాంక్షించుచున్నాడను శంక కలిగిననే తప్ప. ఆ శంక యెవరికి కలుగవలెను? ఎవరి యెదుట చెప్పవలెను? అతనికి బదులు చెప్పుకొను నవకాశము కలదా? గ్రంథమున ఒక్క మాట లేదు. మూడు దినములు చర్చింపక చిన్న సంగతిని గూడ తేల్పని సభ, అధిపతిని తొలగించుటకు ఏ విధియు చెప్పకుండుట లోపమే. మన రాజ్యాంగము అఱువదియొకటవ అనుచ్ఛేదమున రాష్ట్రపతిపై అభియోగము తెచ్చుటకు పదునాలుగు దినముల ముందు తెలియజేయవలెననియు, సభ్యులలో నాలుగవ వంతు సంతకములు ఉండవలెననియు, మొత్తము సభ్యులలో మూడింట రెండు వంతుల మతము కావలెననియు నిర్దేశించినది. అచ్చట నేరము రాజ్యాంగోల్లంఘనము, ఇచ్చట శంక. విచిత్రమేమనగా పొరుగు దేశములవారు తమకు పాలకులను పంపుడని కోరినపుడు యుటోపియనులు కొందఱికి ఒక యేడు, కొందఱికి అయిదేండ్లు గడువు పెట్టి పంపుదురు. పరులకు గడువు కట్టినవారు తమకేల కట్టుకొనలేదో బోధపడదు. కంపనెల్లా 1602లో నేపుల్సు చెఱసాలలో వ్రాసిన సూర్యనగరమున అధిపతియగు ‘హో’ తనకంటె జ్ఞాని దొరకువఱకు ఉండి, దొరకినపుడు తానే తొలగిపోవును; ప్రజలు తొలగింపజాలరు. దానితో పోల్చిన మోర్ శంకయే మేలని యొప్పుకొందుము.

యుద్ధప్రకరణమును, కౌటిల్యుని పదునొకండవ అధికరణమును పక్కపక్కన నుంచి చదివినచో ఈ శంకకు మూలము కొంత తెలియును. యుద్ధము ప్రకటింపబడగానే యుటోపియనులు శత్రుదేశమున పలుచోట్ల ఏకకాలమున రహస్యముగా ప్రకటనలు అంటింతురు. శత్రురాజును చంపినవానికి గొప్ప బహుమానము, అతని మంత్రులకు కొంత తక్కువ వెల. అది సాగనిచో రాజసోదరునకో, ఒక ప్రభువునకో సింహాసనమునందు ఆశ పుట్టించి లోపల చీలిక తెత్తురు. కౌటిల్యుడు సంఘములపై ప్రయోగింపుమన్నదియు ఇదియే: గూఢచారులను పంపి, సంఘముఖ్యుల నడుమ మాటలు మోసి, అసూయ పుట్టించి, భేదము కల్పించుట. ఇరువురికి పరస్పర సంబంధము లేదు. మోర్ అర్థశాస్త్రము పేరైన వినినవాడు కాడు. అయినను ఇరువురును ఒకే చోట వ్రేలు పెట్టిరి. రాజ్యమునందు రహస్యము సులభముగా దూరగల రంధ్రము అగ్రస్థానమున నున్నవాడే. కౌటిల్యుడు వెలుపలినుండి ఆ రంధ్రమును చూచి పరుని కూల్చు విధము చెప్పెను. యుటోపియనులు పరులయెడ ఆ పనియే చేయుచు, తమ యింట ఆ రంధ్రము పూడ్చుకొనిరి. పరులకు తాము చేయునది తెలిసినవారు గనుకనే తమ సంఘముఖ్యుని ఒంటరిగా మాటాడనీయరు. ఈ సభానియమములను ప్రజాస్వామ్యప్రీతికి మాత్రమే నిదర్శనముగా ఎత్తి చూపుట వాడుక. అది సగము నిజమే.

ఆ మరణదండనమును మాత్రము ఎట్లును సమర్థింపజాలకున్నాము. కుట్రను ఆపు శాసనమే స్నేహితులిద్దఱు వీథి యరుగుపై కూర్చుండి చెప్పుకొను మాటను గూడ ఆపగలదు. మోర్ ఈ భేదమును విడమరచి చెప్పలేదు. ఆయన 1529లో ఎనిమిదవ హెన్రీకి ఛాన్సలరై, 1532లో ఆ పదవి వదలుకొని, రాజ్యవారసత్వ శాసనము విధించిన ప్రమాణము చేయుటకు ఇష్టపడక, లండను దుర్గమున బంధింపబడెను. 1534 నాటి శాసనము రాజబిరుదమునకు విరుద్ధముగా దురుద్దేశముతో మాటాడుటయే రాజద్రోహమని నిర్ణయించినది. ప్రశ్నించినవారందఱి యెదుట మోర్ మౌనము వహించెను. 1535 జూలై 1వ తేదీన వెస్ట్‌మిన్‌స్టర్ మందిరమున జరిగిన విచారణలో, చెఱసాల గదిలో తనతో మోర్ ఆడిన మాటలని రిచర్డ్ రిచ్ సాక్ష్యము చెప్పెను. పార్లమెంటు రాజును మతసంఘమునకు శిరస్సుగా చేయగలదా యనునది ఆ సంభాషణయందలి ప్రశ్న. ఏ సభయందును ఆడిన మాట కాదది. ఆ నెల 6వ తేదీన మోర్ శిరస్సు ఖండింపబడెను. రాజునకును రాజు మంత్రులకును పలుమార్లు అడిగినను వెల్లడింపని తన యంతరంగమును ఇట్టి మనుష్యునకు చెప్పియుందునా యని ఆయన న్యాయాధిపతుల నడిగినట్లు అల్లుడు విలియమ్ రోపర్ వ్రాసియుంచెను.