పట్టాల మీద పచ్చిక

షికాగోలో ఎండ 35 డిగ్రీలకు చేరితే టీవీలో హెచ్చరికలు మొదలు. ఆ మాట ఫోన్లో చెబితే కాళహస్తిలో మా అమ్మ నవ్వింది. "దానికేనా? ఇక్కడ కొండ బండలు అర్ధరాత్రి కూడా కాలతా ఉండాయి" అంది. నవ్వే సంగతి కాదని నేను చెప్పలేదు. 1995 జులైలో ఇదే షికాగోలో వడగాడ్పుకు 700 మందికి పైగా పోయారు. చాలామంది తలుపులు బిగించుకున్న గదుల్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళు.

అట్లాంటి ఎండలో, జూన్‌లో ఒక శనివారం, తలకు తుండుగుడ్డ చుట్టుకుని మిలీనియం పార్కు పచ్చికలో కూర్చున్నాను. షికాగో బ్లూస్ ఉత్సవం. 1984 నుంచీ ఉంది, టిక్కెట్టు లేదు. ఎదురుగా ఫ్రాంక్ గెరీ గీసిన వేదిక. తలపైన ఇనుప గొట్టాల అల్లిక, దానికి వేలాడే స్పీకర్లు. చలువపందిరికి వాసాలు వేసి ఆకు కప్పడం మర్చిపోయినట్టుంటుంది.

బ్లూస్ మిసిసిపీ పత్తిచేలల్లో నల్లవాళ్ళు కట్టుకున్న పాట. బానిసత్వం 1865లో చట్టం ప్రకారం పోయింది గానీ చేను దొరదే. విత్తనం, తిండిగింజలు దొర అంగట్లో అప్పు, పంటలో సగం దొరకు, ఏడాది చివర లెక్క చూస్తే ఇంకా బాకీ. కోరుకు సేద్యం చేసిన ఇళ్ళవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎదురు తిరిగినవాణ్ణి చెట్టుకు ఉరేసిన సందర్భాలు లెక్కలేనన్ని.

మొదటి ప్రపంచ యుద్ధంతో యూరపు కూలీల రాక తగ్గింది. షికాగో కబేళాలకు, ఉక్కు మిల్లులకు మనుషులు కావలసి వచ్చారు. రాబర్ట్ ఆబట్ 1905లో పెట్టిన 'షికాగో డిఫెండర్' పత్రిక, వచ్చేయండని రాసింది. రైళ్ళలో పనిచేసే నల్లజాతి పోర్టర్లు ఆ కట్టల్ని దక్షిణాదికి చేరవేసేవాళ్ళు. 1910లో ఈ ఊళ్ళో నల్లవాళ్ళు సుమారు 44,000. 1920కి 1,09,000. మిసిసిపీ నుంచి వాళ్ళను మోసుకొచ్చింది ముఖ్యంగా ఇల్లినాయ్ సెంట్రల్ రైలు.

ఇన్నేళ్ళుగా ఇక్కడుంటున్నా నాకు ఆలస్యంగా తెలిసిన సంగతొకటుంది. మేం కూర్చున్నది నేల కాదు, కప్పు. 2004లో తెరిచిన ఈ పార్కును కట్టింది ఆ ఇల్లినాయ్ సెంట్రల్ వాళ్ళ పాత యార్డు మీదే. కింద ఇప్పటికీ పట్టాలున్నాయి, లోకల్ రైళ్ళు తిరుగుతున్నాయి.

బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1943లో అట్లా వచ్చినవాడే. పగలు కాగితం మిల్లులో పని, రాత్రి పాట. తాగుబోతుల గోలలో మామూలు గిటారు ఎవరికీ వినబడక కరెంటు గిటారు పట్టాడు. పల్లెపాటకు ఊరి గొంతు అట్లా వచ్చింది. ఆయన పోయిన మరుసటేడే ఈ ఉత్సవం మొదలైంది.

ఉత్తరాదిలో తెలుపు నలుపు గీతలుండవనుకుని వచ్చారు నల్లవాళ్ళు. ఇక్కడ సరస్సు నీళ్ళలో కూడా గీత ఉండేది. 1919 జులై 27, ఎండ మండుతున్న ఆదివారం. యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ళ నల్లజాతి కుర్రాడు స్నేహితులతో తెప్ప మీద ఆడుకుంటూ, 29వ వీధి రేవు దగ్గర తెల్లవాళ్ళ వైపుకు కొట్టుకుపోయాడు. ఒడ్డు మీంచి ఒక తెల్లవాడు రాళ్ళు విసిరాడు. పిల్లాడు మునిగి చచ్చిపోయాడు. విసిరినవాణ్ణి పోలీసు పట్టుకోలేదు. వారం పాటు సాగిన అల్లర్లలో 38 మంది చనిపోయారు, వాళ్ళలో 23 మంది నల్లవాళ్ళు. ఆ చోటు ఈ పచ్చికకు సుమారు ఐదు కిలోమీటర్లుంటుంది.

నీళ్ళమీద గీత ఎట్లా కనిపిస్తుందని ఇక్కడి పిల్లలు అడుగుతారు. నాకు ఆ సందేహం రాలేదు. మా అమ్మమ్మ ఊళ్ళో ఎండాకాలం 18 రోజులు భారతం. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు విసిరితే, పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద కొంగు పట్టేవాళ్ళు. ఆకుపందిరి కింద మేం, మజ్జిగ చెంబులు. పందిరి అవతల చింతచెట్టు కింద హరిజనవాడ వాళ్ళు. చెట్టునీడ చల్లగా ఉంటుందని అక్కడ కూర్చుంటారనుకునేవాణ్ణి. పదేళ్ళు వచ్చేదాకా అట్లాగే అనుకున్నాను.

మనవాళ్ళు ఈ దేశం రావడానికీ ఒకప్పుడు గీత ఉండేది. అమెరికా 1946 చట్టం మనదేశం మొత్తానికి ఇచ్చిన వలస కోటా ఏడాదికి సుమారు 100 మంది. 1965 చట్టం ఆ దేశాలవారీ కోటాను ఎత్తేసింది. నల్లవాళ్ళ పౌరహక్కుల పోరాటం ఊపులోనే అది గడప దాటింది. మన తెలుగు సభల్లో ఈ ముక్క ఎత్తగా నేను వినలేదు. అక్కడ అంతా మన కష్టం, మన తెలివి.

పక్కన మడతకుర్చీలో ఒక ముసలామె. నా వాలకం చూసి ఐసు పెట్టెలోంచి నీళ్ళ సీసా తీసిచ్చింది. 'హనీ' అని పిలిచింది, మనవైపు 'నాయనా' అన్నట్టు. ఎట్లా వచ్చావు ఈ దేశానికి అంటే, విమానంలో అన్నాను. అమ్మ చెన్నై దాకా పులిహోర కట్టించిందని కూడా చెప్పాను. ఆమె నవ్వి, "మా నాన్న 1947లో అట్టపెట్టెలో వేయించిన కోడి పెట్టుకుని రైలెక్కాడు. భోజనాల పెట్టెలోకి మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కాదుగా" అంది.

వేదిక మీద గిటారు సరిచేసుకుంటున్నారు. ఆమె రెండో కుర్చీ మడత విప్పి, ఎవరూ రావడం లేదులే, ఇందులో కూర్చో అంది.