వేసవికి గడి లేని సాఫ్ట్‌వేర్

కామారెడ్డి నుంచి వెళ్లి మాదాపూర్‌లో కొలువు చేసే పిల్లలు పొద్దున్నే జిరా అనే సాఫ్ట్‌వేర్ తెరిచి ఆ వారం తమ వంతు పనులేవో చూసుకుంటారు. జిరా 2002లో వచ్చింది, అలాంటిదే ట్రెల్లో 2011లో. ఏది వాడాలో కంపెనీలో నలుగురు కూర్చుని తేల్చుకుంటారు, నచ్చకపోతే మార్చుకుంటారు. ఊళ్లో ఉపాధి హామీ కింద గడ్డపార పట్టిన వాళ్ల అమ్మానాన్నల పనినీ 2006 నుంచి సాఫ్ట్‌వేరే నడిపింది. దాన్ని ఎంచుకునేటప్పుడు వాళ్లను అడిగినవారు లేరు.

ఉపాధి హామీని ఈ వైపు ఇప్పటికీ ‘కరువు పని’ అనే అంటారు. చట్టం కన్నా ఆ మాటే పాతది. అప్పట్లో పని లెక్కంతా కాగితమే: హాజరుకు మస్టరు, తవ్విన మట్టికి కొలతల పుస్తకం. ఎల్లారెడ్డి పొలాలకు నీళ్లిచ్చే పోచారం ప్రాజెక్టు 1922కి, నిజాంసాగర్ 1931కి పూర్తయ్యాయి. అంతంత కట్టడాలూ కాగితం మీదే లేచాయి కాబట్టి కాగితాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కాకపోతే మస్టరులో ఊళ్లో లేనివాళ్లూ కూలికి వచ్చేవారు, చనిపోయినవాళ్లూ వచ్చేవారు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. దేశంలో తొలి విడత 200 జిల్లాల్లో నిజామాబాద్ ఒకటి. కామారెడ్డి, ఎల్లారెడ్డి అప్పుడు అందులోవే, 2016 అక్టోబరులో గానీ కామారెడ్డి జిల్లా కాలేదు. చాలా రాష్ట్రాలు కేంద్రం వారి ఎన్‌ఐసీ సాఫ్ట్‌వేర్ తీసుకుంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ టీసీఎస్‌తో సొంతంగా చేయించుకుంది. గ్రామసభ ఒప్పుకున్న పనులన్నీ ముందు ‘షెల్ఫ్’లోకి ఎక్కాలి. మాదాపూర్ పిల్లలు బ్యాక్‌లాగ్ అనేది దీన్నే. అంచనా, పని నంబరు లేకుండా తట్ట మట్టి ఎత్తకూడదు. వారం తిరిగేసరికి కొలతలు మండల ఆఫీసులో కంప్యూటరు ఆపరేటర్ దగ్గరికి చేరాలి. ఫైలు ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు ఆగిందో హైదరాబాద్‌లో కనిపించేది. నన్నడిగితే ఈ పద్ధతిలో గొప్ప అదే: కూలీల మీదే కాదు, ఆఫీసు మీదా నిఘా ఉండేది.

ఇంకొకటీ ఉంది. ఎండలు ముదిరితే చెరువు మట్టి రాయిలా బిగుస్తుంది, గడ్డపార ఎగిరి పడుతుంది. పొద్దంతా తవ్వినా కొలత పడదు, కొలత పడకపోతే కూలీ పడదు. అందుకని ఎండాకాలం నెలల్లో కూలీకి భత్యం కలిపేవారు, ఏప్రిల్, మే నెలల్లో అది 30 శాతం దాకా ఉండేది. సొంత సాఫ్ట్‌వేర్ కాబట్టి మన ఎండకు అందులో చోటు దొరికింది.

2022లో తెలంగాణ ఎన్‌ఐసీ సాఫ్ట్‌వేర్‌కు మారాల్సి వచ్చింది. దేశమంతటికీ ఒకే లెక్క ఉండాలన్న కేంద్రం వాదనను కొట్టిపారేయలేం. కానీ ఆ కొత్త దాంట్లో వేసవి భత్యానికి గడి లేదు. భత్యం రద్దు చేస్తున్నామని ఎవరూ చాటింపు వేయనక్కర్లేకుండానే అది కూలీల చేతికి రావడం ఆగింది. అర్జీ పెడదామన్నా ఎవరికి? మండల ఆఫీసులో అడిగితే తెర చూపిస్తారు.

అంతకు ముందే, 2021లో, ఫోన్‌లో హాజరు యాప్ వచ్చింది. 2023 జనవరి 1 నుంచి అన్ని పనులకూ తప్పనిసరి చేశారు. రోజుకు రెండు ఫోటోలు, వేళ, చోటు నమోదయ్యేలా. దొంగ హాజరు పోతుందనుకున్నారు. ఫోటోను ఫోటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. పాత మస్టరులోని చనిపోయినవాళ్లకు ఇప్పుడు బొమ్మలు కూడా వచ్చాయన్నమాట.

నిజంగా పనికొచ్చినవాళ్ల సంగతి వేరు. ఎండాకాలం ఆరింటికే చెరువులో దిగుతారు. కూలీల జట్టును చూసుకునే మేటు ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం కట్టెక్కుతుంది, కింద వరసగా నిలబడ్డవాళ్లు కొంగులు సర్దుకుంటారు. పదిన్నరకల్లా కొలత మేరకు తవ్వడం అయిపోతుంది. రెండో ఫోటో వేళ ఇంకా కాలేదు. తట్టలు బోర్లించి, తుమ్మచెట్టు నీడ జరిగినకొద్దీ వాళ్లూ జరుగుతూ కూర్చుంటారు.