కుప్పం పల్లెల ఆరోగ్యపు లెక్క

చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో ఇంటింటా ఒక సంచి ఉంటుంది. బీరువా మీదనో, దేవుని గూటి ప్రక్కన మేకుకో వ్రేలాడుతూ ఉంటుంది. అందులో వైద్యులు వ్రాసి యిచ్చిన చీటీలు, రక్తపరీక్షల కాగితాలు, ఎక్స్‌రే పటాలు. రుయా ఆసుపత్రికి పోయినా, స్విమ్స్‌కు పోయినా, పొలిమేర దాటి వేలూరు పోయినా ఆ సంచి వెంట పోవలసినదే. మేమెరిగిన ఒక పెద్దామె ఆ సంచిని బస్సులో పోగొట్టుకొన్నది. తాను ఏండ్ల తరబడి చూపించుకొన్న వైద్యశాలకే వెళ్ళి పాత వివరాలు ఇప్పించమని అడిగినది. కంప్యూటరు ఏర్పాటు చేసిన కంపెనీ మారినదనీ, పాతవారి లెక్కలు క్రొత్తవారి యంత్రంలో తెరుచుకోవనీ అక్కడి గుమాస్తా చెప్పినాడు. లెక్క ఉన్నది, తాళంచెవి లేదు! పాపం, అతని తప్పేమీ లేదు. కాని రోగి వివరాలు దాచిన పెట్టెకు తాళంచెవి ఎవరి చేతిలో ఉండవలె అన్న ప్రశ్న ఆనాటి నుంచి మమ్మల్ని వదలలేదు. వెదికి చూడగా ఈ ప్రశ్నకు సంబంధించిన చరిత్ర కొంత మా సీమలోనే జరిగినదని తెలిసినది.

మదనపల్లె 2022 వరకు చిత్తూరు జిల్లాలోనిదే. ఆ ఊరికి దాపున ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల శానటోరియం వెలసినది. పలు క్రైస్తవ మిషనులు కలిసి నడిపిన ఆ సంస్థకు తొలి పెద్ద డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్. మన దేశంలో బి.సి.జి. టీకా మొట్టమొదట, 1948లో, వేసిన తావులలో మదనపల్లె ఒకటి. ఆ తరువాత 1950లో జొహానెస్ ఫ్రిమోట్ మొల్లరూ ఆయన సహచరులూ మరొక పనికి పూనుకొన్నారు. రోగి తమ గడప త్రొక్కేవరకు కాచుకొని ఉండక, తామే చుట్టుపట్ల పల్లెలకు కదిలినారు. ఇల్లిల్లూ తిరిగి మనుషుల పేర్లు వ్రాసుకొన్నారు, చర్మపరీక్ష చేసినారు, ఛాతీకి ఎక్స్‌రే తీసినారు. కొంతకాలానికి మరల అవే గడపలకు వచ్చి, క్రొత్తగా జబ్బు ఎవరికి సోకినది, ఎవరికి నయమైనది, ఎవరు కాలం చేసినారు అని సరిచూసుకొన్నారు. 1955 వరకు సాగిన ఆ పరిశోధన ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయినవి. ఒక దక్షిణాది పల్లెటూరి దగ్గు లెక్క జెనీవా చేరినదన్నమాట. ఆ పనిలో మాకు గొప్పగా తోచినది ఎక్స్‌రే యంత్రం కాదు. అదే గడపకు మరల రావడం. మొదటిసారి వ్రాసినది చేతిలో లేకపోతే రెండవసారి రావడంలో అర్థం లేదు.

ఇక కుప్పం. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే మూల అది. అక్కడి సంతలో ఒకే బేరం మూడు భాషలలో సాగగలదు. మన దేశంలో గ్రామ వైద్యపు ఏర్పాటు ప్రకారం మైదాన ప్రాంతాలలో అయిదువేల జనాభాకు ఒక ఉపకేంద్రం, ముప్పదివేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఉపకేంద్రంలో ఏ.ఎన్.ఎం. ఉంటుంది, ఊరివాళ్ళకు ఆమె నర్సమ్మ. గర్భిణులకొక రిజిస్టరు, కాన్పులకొకటి, టీకాలకొకటి, మలేరియాకొకటి, క్షయకొకటి. నెల చివర అన్నింటినీ కూడి, ఆమె పై కార్యాలయానికి నివేదిక పంపవలె. ఆ అంకెలు జిల్లాకు, అటునుంచి రాజధానికి ఎక్కుతూ పోతవి గాని, ఆమె చేతికి తిరిగి వచ్చేది అరుదు. తన ఉపకేంద్రంలో టీకా తప్పిన బిడ్డలు పెరుగుతున్నారో, తగ్గుతున్నారో ఆ లెక్క వ్రాసిన మనిషికే తెలియని పరిస్థితి. లెక్క అడిగేవారు పలువురు, చదివి చూపేవారు లేరు.

సరిగా ఇదే బాధ వేల మైళ్ళ దూరాన దక్షిణాఫ్రికాలో ఉండినది. 1994లో వర్ణవివక్ష ప్రభుత్వం అంతరించేనాటికి అక్కడ జాతివారీగా, ప్రాంతంవారీగా పదునాలుగు ఆరోగ్య శాఖలు ఉండేవి. ఒకరి లెక్క మరొకరికి పొసగదు. కేప్‌టౌన్ ప్రాంతపు ఆరోగ్య కార్యకర్తలు, నార్వేలోని ఆస్లో విశ్వవిద్యాలయానికి చెందిన యోర్న్ బ్రో వంటి పరిశోధకులు కలిసి, నిజంగా పనికివచ్చే కొద్దిపాటి అంకెలనే ఏరి, వాటిని క్రింది స్థాయివారే చూసుకొనే కంప్యూటరు క్రమాన్ని రూపొందించినారు. జిల్లా ఆరోగ్య సమాచార క్రమం, పొడి అక్షరాలలో డి.హెచ్.ఐ.ఎస్., అని దాని పేరు. ఆ క్రమాన్ని వారు దాచుకోలేదు. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏమున్నదో విప్పి చూడవచ్చు, తమకు కావలసినట్లు మార్చుకోవచ్చు. ఇటువంటి దానినే ఓపెన్ సోర్స్ అంటారు. భోజనశాల యజమాని పులుసు వడ్డిస్తాడు గాని పాళ్ళు చెప్పడు. పొరుగింటి పిన్ని పులుసూ పోస్తుంది, పాళ్ళూ చెబుతుంది, మీ ఇంట ఉప్పు తక్కువ తింటారని తెలిస్తే తగ్గించుకోమని కూడా అంటుంది.

2000 డిసెంబరులో ఆ క్రమం కుప్పం వచ్చినది. నియోజకవర్గంలోని 9 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ప్రయోగం మొదలైనది. ఆస్లో విశ్వవిద్యాలయపు సుందీప్ సహాయ్ మొదలైనవారు దానికి వెనుక నిలిచినారు. కుప్పమే ఎందుకన్నది ఊహించడం కష్టం కాదు. ఆనాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు నియోజకవర్గం అది, కంప్యూటరు మాట మన రాష్ట్రంలో మారుమ్రోగుతున్న కాలమది. పెద్దల చూపు పడిన చోట పని వేగంగా మొదలవుతుంది. ఆ చూపు మరలితే ఏమవుతుందన్నది మొదటిరోజున ఎవరూ అడగరు.

ఒక సంగతి దాచకుండా చెప్పవలె. ఈ క్రమం తెరచిన పుస్తకమే గాని, దానిని నిలిపిన పీట మాత్రం మైక్రోసాఫ్ట్ కంపెనీవారి యాక్సెస్ అనే సరుకు. పైకప్పు మనది, పునాది అద్దెది. పైగా అదే రోజులలో కుటుంబాల వివరాలను పేరుపేరునా నమోదు చేసే వేరొక ఏర్పాటును ప్రభుత్వం తలపెట్టినది. రెంటికీ పొత్తు కుదర్చడం సులభం కాలేదు. 2004లో ప్రభుత్వం మారినది. కుప్పం ప్రయోగం రాష్ట్రమంతటా వేళ్ళూనలేకపోయినది. ఓపెన్ సోర్స్ అంటే ఖర్చులేనిదని అనుకొనేవారు ఈ ఘట్టాన్ని గమనించవలె. క్రమానికి వెల లేకపోవచ్చు. దానిని నేర్పే మనిషికి, చెడినప్పుడు బాగుచేసే మనిషికి జీతం ఉండవలసినదే.

ఐనా ఆ శ్రమ వృథా కాలేదు. పీట కూడా స్వేచ్ఛగా ఉండవలెనని క్రొత్త క్రమాన్ని మొదటినుంచి వ్రాయడం ప్రారంభించినారు. డి.హెచ్.ఐ.ఎస్.2 అని పిలిచే ఆ రూపం 2006లో తొలిసారి మన పొరుగున కేరళలోనే ప్రవేశించినది. నేడు డెబ్బదికి పైగా దేశాలు దానిని వాడుకొంటున్నవి.

ఐతే అది ఊరి లెక్క, మనిషి లెక్క కాదు. మన పెద్దామె సంచికి కావలసినది వేరు. దానికి 2004లో ఓపెన్ ఎం.ఆర్.ఎస్. అనే మరొక ఓపెన్ సోర్స్ క్రమం పుట్టినది. ఆఫ్రికాలో ఎయిడ్స్ రోగుల చికిత్సకు మొదట అక్కరకు వచ్చినదది. దాని మీదనే కట్టిన బాహ్మ్ని అనే క్రమం ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి గ్రామపు వైద్యశాలలో మొదలైనది. ప్రభుత్వ కార్యాలయాలు ఓపెన్ సోర్స్‌కే మొగ్గు చూపవలెనని కేంద్రం 2015లో విధానం ప్రకటించినది. 2021లో జాతీయ స్థాయిలో మొదలైన డిజిటల్ ఆరోగ్య పథకం క్రింద, కోరినవారికి ఆరోగ్య సంఖ్య కూడా ఇస్తున్నారు. ఆ సంఖ్య ఒక వైద్యశాల లెక్కను మరొక వైద్యశాలకు చేర్చగలదు; కాని ఆ రెండు చోట్ల ఉన్న పెట్టెలూ ఒకే తీరున తెరుచుకోగలిగినప్పుడే.

పెద్దామె క్రొత్త సంచి కుట్టించుకొన్నది. ఈసారి దానికి గట్టి నాడా వేయించి, ప్రతి కాగితానికీ మనుమని చేత ఫోటో తీయించి పెట్టుకొన్నది.