రాగి గొట్టములకు చిల్లులేల పడును?

రాగి దీర్ఘకాలము మన్నెడి లోహము. ఇనుమువలె తడి తగిలినంతమాత్రమున తుప్పుపట్టి రాలిపోదు. ఈజిప్టులోని అబూసిర్ వద్ద 5వ రాజవంశపు రాజగు సహురే కట్టించిన పిరమిడు ఆలయములో, తొట్ల నీటిని వెలుపలికి కొనిపోవుటకై రాగిరేకును సాగగొట్టి చుట్టిన గొట్టములను అమర్చిరి. ఆ గొట్టపు వరుస పొడవు సుమారు 380 మీటర్లు. 20వ శతాబ్దపు తొలి దశకములో జర్మన్ పురాతత్త్వజ్ఞుడు లుడ్విగ్ బోర్ఖార్ట్ అచట త్రవ్వకములు జరిపెను. నలుబది శతాబ్దములకు పైగా గడచినను ఆ గొట్టముల తునకలు మిగిలియుండెను. అట్టి లోహముతో చేసిన గొట్టము ఇంటిగోడలో కొలది ఏండ్లకే చిల్లిపడుటకు కారణమేమి? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను అర్ధశతాబ్దికి పైగా వేధించినది.

పూర్వము ఐరోపా, అమెరికా నగరములలోని ఇండ్లకు సీసపు గొట్టములద్వారా, ఇనుప గొట్టములద్వారా నీరు వచ్చెడిది. సీసము విషము. ఇనుప గొట్టము తుప్పుతో పూడుకొనిపోవును. రెండు ప్రపంచయుద్ధముల నడిమికాలమున పలుచని రాగి గొట్టములు వీని స్థానము నాక్రమింపసాగెను. వీనిని వంచుట సులభము, అతుకుట సులభము. గొట్టపు గోడ మందము ఒక మిల్లీమీటరుకు అటునిటుగా ఉన్నను చాలును.

ఇంత పలుచని గోడ నిలుచుటకు ఆధారము దానిపై ఏర్పడు పొరయే. నీటిలో కరిగియున్న ఆక్సిజన్‌తో కలసి రాగి మొదట ఎర్రని క్యూప్రస్ ఆక్సైడు నిచ్చును. దానిపై క్రమముగా ఆకుపచ్చని క్షార కార్బొనేటు చేరును. మన ఇండ్లలో రాగి బిందెలకు పట్టు చిలుము ఈ జాతిదే. బిందెను చింతపండుతో తోమి ఆ పొరను పోగొట్టుదుము. గొట్టములో మాత్రము అది అంతటను సమముగా పరచుకొన్నచో లోహమునకు కవచమగును.

గొట్టము కారినపుడు ముందుగా అతుకును అనుమానించుట సహజము. కాని ఈ చిల్లులు పలుమారు అతుకులకు దూరముగా, గొట్టము నడుమ, గుండుసూది మొనయంత పరిమాణములో కనబడుచుండెను. చుట్టును ఉన్న లోహము చెక్కుచెదరక యుండెను. లోహమంతయు అరిగి పలుచబడినదనుటకు వీలులేకపోయెను.

బ్రిటన్‌లోని ఇనుమేతర లోహముల పరిశోధన సంఘమునకు చెందిన కాంప్‌బెల్ ఈ రహస్యములో ఒక భాగమును 1950లో బయటపెట్టెను. కార్ఖానాలో రాగి గొట్టమును అచ్చుల రంధ్రములగుండ లాగి సన్నము చేయుదురు. రాపిడి తగ్గుటకై నూనె పూయుదురు. పిమ్మట కొలిమిలో కాచి మెత్తపరచుదురు. లోపల మిగిలిన నూనె ఆ వేడికి మాడి, పలుచని కార్బన్ పొరగా అంటుకొనును. నీరు చేరగానే ఈ పొర కాథోడుగను, పొర చిట్లినచోట బయటపడిన రాగి ఆనోడుగను పనిచేయును. ఇట్లు గొట్టములోనే ఒక విద్యుద్ఘటము ఏర్పడును. కాథోడు విశాలము, ఆనోడు సూక్ష్మము. విశాలమైన తలము కోరిన విద్యుత్తునంతటిని ఆ చిన్న బిందువే ఈయవలసివచ్చును. కావున రాగి అచటనే కరిగి గుంటపడును. గొట్టము గోడలోనికి రాకముందే, కార్ఖానాలోనే, దోషము దానితో చేరియుండెనన్నమాట. తయారైన గొట్టముల లోపలి తలమును శుభ్రపరచు పద్ధతులు ఇందుమూలముగా వచ్చినవి. హానికరమైన పొరలు ఉండరాదను నియమము ప్రమాణములలో చేరినది.

కాని కార్బన్ పొర గల గొట్టములన్నియు చెడలేదు. నీటికిని ఇందులో పాత్ర కలదని 1954లో కాంప్‌బెల్‌యే చూపెను. కొన్ని నీళ్ళలో సహజముగా ఉండు సేంద్రియ పదార్థము గుంటలు పడకుండ నిరోధించును. లోతైన బావుల నీటిలో తరచు ఈ రక్షణ లోపించును. 1967లో లూసీ గుంటలోపలి రసాయనక్రియను వివరించెను. అడుగున తెల్లని క్యూప్రస్ క్లోరైడు, దానిపై క్యూప్రస్ ఆక్సైడు పొర, ఆపైన ఆకుపచ్చని దిబ్బ ఉండును. ఆ నడిమి పొరయొక్క క్రింది ముఖము ఆనోడుగను, పై ముఖము కాథోడుగను పనిచేయునని ఆయన సిద్ధాంతము. కార్బన్ లేనిచోట కూడ గుంట ఏల పెరుగునో దీనివలన తెలియవచ్చెను.

కథ అంతటితో ముగియలేదు. 1990ల చివర అమెరికాలో, వాషింగ్టన్ నగర పరిసరములలోని మేరీలాండ్ ఇండ్లలో సూదిచిల్లులు విరివిగా కనబడెను. వానిలో అధికభాగము 1970కి పూర్వము కట్టిన ఇండ్లలోని చన్నీటి గొట్టములే. వర్జీనియా టెక్ ఆచార్యుడు మార్క్ ఎడ్వర్డ్స్, ఆయన సహచరులు ప్రయోగములు చేసిరి. పి.హెచ్. ఎక్కువగానున్న నీటిలో క్లోరిన్, నీటిని తేర్చుటలో మిగిలిన అల్యూమినియం మడ్డి కలిసియున్నచో రాగికి గుంటలు పడుట కనుగొనిరి. క్లోరిన్‌తో కలసి హానికర పదార్థములు పుట్టకుండుటకై నీటినుండి సేంద్రియ పదార్థమును మునుపటికంటె ఎక్కువగా తొలగించుట కూడ ఒక కారణము కావచ్చునని కొందరు అనుమానించిరి. ఆరోగ్యమునకు మేలు చేసిన శుద్ధియే గొట్టపు రక్షణను తీసివేసి యుండవచ్చునన్నమాట. 2003లో అచటి జలసంస్థ నీటిలో స్వల్పముగా ఆర్థోఫాస్ఫేటును కలుప నారంభించెను. అది లోహముపై పలుచని రక్షకపు పొర ఏర్పడుటకు తోడ్పడును.

దీనివలన ఇంటివారికిని ఒక ఎరుక కలుగును. అతుకు కారిన అతుకును సరిచేసిన చాలును. గొట్టము నడుమ సూదిచిల్లి పడినచో, అట్టి గుంటలు పొడవునను మరికొన్ని పెరుగుచుండవచ్చును. అపుడు తీసిన ముక్కను పారవేయక నిలువునకోసి లోపల చూడవలెను. ఆకుపచ్చని దిబ్బలు వరుసగా కనబడినచో, ఒక చిల్లిని మూసినంతమాత్రమున బాధ తీరదు.